మందుల గది తాళపుచెవి

ఆసుపత్రికి పోయిన ప్రతి కుటుంబమునకును ఆ కిటికీ తెలిసినదే. డాక్టరుగారు వ్రాసిన చీటీ చేతబట్టుకొని వరుసలో నిలుచుందుము. కటకటాల వెనుకనుండి ఒక చేయి వచ్చి చీటీ అందుకొనును. కొంతసేపటికి అదే చేయి మాత్రల పొట్లమును, మందు సీసాను ముందుకు నెట్టును. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక" అని ఒక గొంతు వినబడును. అంతటితో మనకును ఆ గదికిని గల సంబంధము తీరిపోవును. శస్త్రచికిత్స చేసిన సర్జనుగారి పేరు మనకు ఏండ్ల తరబడి జ్ఞాపకముండును. రాత్రంతయు మేలుకొని జ్వరము చూచిన నర్సమ్మ ముఖమును మరువము. కాని ఆ కిటికీ వెనుకనున్న గదికి పెద్ద యెవరో, ఆ పెద్దరికము ఏ చదువువలన వచ్చినదో, ఏయే పనులకు ఆ పెద్ద బాధ్యత వహించునో అడిగినవారు అరుదు.

ఈ ప్రసంగమునకు పూనుకొన్నప్పుడు మాకును ఆ సంగతి అంతంతమాత్రమే తెలిసియుండెను. నియమావళులు తిరుగవేసినచో అర్హతలు ఒక పుటలో దొరకును: ఫార్మసీలో పట్టము, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిలు రిజిస్టరులో పేరు, కొన్ని యేండ్ల అనుభవము. విధులు మరియొక పుటలో దొరకును. చదువుటకు చప్పగా నుండును. ఆ చప్పని వాక్యములలో కొన్నింటి వెనుక ఒక తగవో, ఒక ఘోరమో దాగియున్నదని చరిత్ర చదివిన పిమ్మట గాని మాకు బోధపడలేదు. ఆ చరిత్రలో కొంత ఇక్కడ మనవి చేయుదుము.

మన ప్రాచీనులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి: వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. చరకసంహితలో ఈ నాలుగింటికిని నాలుగేసి గుణములు నిర్ణయింపబడినవి. ద్రవ్యము సమృద్ధిగా దొరకవలెను, రోగమునకు తగియుండవలెను, పలువిధములుగా తయారుచేయుటకు వీలైనదై, తన గుణము చెడనిదై యుండవలెను. ద్రవ్యమునకు ఇన్ని లక్షణములు చెప్పిన గ్రంథము దానిని కాపాడువానికి ప్రత్యేకముగా ఒక పాదమును కేటాయింపలేదు. వేరు త్రవ్వించుట మొదలు కషాయము దించువరకు వైద్యుని కంటి యెదుటనే జరుగుచుండిన కాలమది. మందును ఎరిగినవాడును రోగిని ఎరిగినవాడును ఒక్కడే యగుటచే వేరొక కావలి అవసరము కాలేదు.

ఐరోపాలో ఈ రెండు పనులను శాసనముచే విడదీసిన ఖ్యాతి 13వ శతాబ్దిలో సిసిలీ రాజ్యమును ఏలిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తికి దక్కినది. వైద్యుడు మందుల వర్తకునితో భాగస్వామ్యము పెట్టుకొనరాదనియు, మందులు కూర్చువాడు శాస్త్రప్రకారమే కూర్తునని ప్రమాణము చేయవలెననియు, అతని పనిని తనిఖీ చేయువారుండవలెననియు ఆ శాసనముల సారాంశము. చక్రవర్తి ఆ మొదటి మాట ఎందుకన్నాడో నేటి శ్రోతలకు మేము విప్పి చెప్పనక్కరలేదు. మందు వ్రాయువాడు ఒకడు, ఇచ్చువాడు మరొకడు అయినప్పుడు రోగి పక్షమున రెండు జతల కండ్లు పనిచేయును.

అయితే ఇదంతయు అంగడి సంగతి. ఆసుపత్రి లోపల మందుల గదికి జీతముపై ఒక మనిషిని నియమించిన కథ కొరకు సముద్రము దాటవలెను. 1751లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున టామస్ బాండ్ అను వైద్యుడును, బెంజమిన్ ఫ్రాంక్లినును కలసి పెన్సిల్వేనియా ఆసుపత్రిని స్థాపించిరి. మరుసటి సంవత్సరమే జోనతన్ రాబర్ట్స్ అనువానిని అపోతికరీగా, అనగా ఔషధకారునిగా నియమించిరి. ఆ దేశపు ఆసుపత్రి ఔషధకారులలో ఇతడే మొదటివాడని చరిత్రకారులందురు. 1755లో అతని స్థానమునకు జాన్ మోర్గన్ అను ఇరువదియేండ్ల యువకుడు వచ్చెను. అతడు అప్పటికింకను వైద్యము నేర్చుకొనుచున్న శిష్యుడే. మందుల గది అతనికి పాఠశాల యయ్యెను.

ఈ మోర్గన్ తరువాత ఎడింబరోలో చదివి పట్టభద్రుడై, 1765లో స్వదేశమునకు తిరిగివచ్చి, అమెరికాలో మొదటి వైద్యకళాశాలకు పునాది వేసెను. వచ్చుచునే ఒక మాట ప్రకటించెను: తాను రోగిని చూచి చీటీ మాత్రమే వ్రాయుదుననియు, మందు కూర్చుట ఆ విద్య నేర్చిన వేరొకరి పని యనియు. ఫిలడెల్ఫియా వైద్యులకు ఇది కంటగింపయ్యెను. మందు అమ్మకమువలననే వారికి జరుగుబాటు. చీటీ వ్రాసినందుకు డబ్బిచ్చు అలవాటు రోగులకు లేదు. మోర్గన్‌ను చూచి నవ్వినవారే ఎక్కువ. అయినను మందుల గదిలో స్వయముగా పనిచేసి వచ్చినవాడు ఆ మాట అన్నాడన్నది గమనింపదగినది. ఆ పని యెంతటిదో అతనికి చేతుల ద్వారా తెలియును.

తరువాతి మెట్టు యుద్ధము వలన వచ్చెను. అమెరికా స్వాతంత్ర్య సమరములో ఇంగ్లండు నుండి మందులు రాకపోగా, 1778లో విలియం బ్రౌన్ అను సైనికవైద్యుడు లిటిట్జ్ అను ఊరిలోని సైనికాసుపత్రి కొరకు ముప్పదిరెండు పుటల చిన్న పుస్తకమును లాటిను భాషలో ప్రకటించెను. దేశమున కలిగిన కొరతకు తగినట్లు సులభమైన మందులను ఏరి కూర్చినట్లు ఆ పుస్తకపు పేరులోనే సూచింపబడినది. మాకు ఈ చిన్నపుస్తకముపై ప్రత్యేకమైన అభిమానము. ఆసుపత్రిలో ఏ మందులు ఉంచవలెను, ఏవి అక్కరలేదు అని ముందుగా కూర్చుండి తేల్చుకొని పట్టిక వ్రాసికొనుట దీనితో అచ్చులోనికి వచ్చెను. నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోను వైద్యులును ఫార్మసీ పెద్దయు కలసిన సంఘము ఒకటి ఇట్టి పట్టికను సిద్ధపరచుచున్నది. ఒకే గుణముగల పది పేర్ల మందులలో ఏది కొనవలెనో ఆ సంఘము తేల్చును. పట్టిక లేని ఆసుపత్రిలో ఆ నిర్ణయము మందుల కంపెనీల ప్రతినిధుల చేతిలోనికి జారిపోవుట సులభము.

ఇక ఈ పదవి ఎంత ఎత్తునకు పోగలదో చూపిన మనిషిని గూర్చి చెప్పవలెను. చార్లెస్ రైస్ 1841లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున జన్మించెను. అమెరికా చేరి నౌకాదళములో కొలువుచేసి, ఆపై న్యూయార్కు నగరములోని బెల్‌వ్యూ ఆసుపత్రి మందుల విభాగములో ప్రవేశించి, దానికి అధిపతియై, 1901లో చనిపోవు పర్యంతము అక్కడనే పనిచేసెను. అది ధర్మాసుపత్రి. న్యూయార్కు నగరపు బీదసాదలకు ఇచ్చు మందులు అతని చేతిమీదుగా పోయెడివి. అట్టి చోట ఏది యిచ్చినను అడుగువారు లేరు. అయినను రసాయనశాస్త్రము బాగుగా నెరిగిన రైస్ సరకును పరీక్షింపక విడువని స్వభావము గలవాడు. మందు ఎట్లుండవలెనో నిర్ణయించు అమెరికా జాతీయ ఔషధగ్రంథమైన ఫార్మకోపియా సంస్కరణ సంఘమునకు 1880 మొదలు చనిపోవువరకు అతడే అధ్యక్షుడు. ఒక ధర్మాసుపత్రి మందుల గదిలోని బల్లమీద దేశమంతటికిని ప్రమాణగ్రంథము తయారయ్యెనన్నమాట.

మన శ్రోతలకు ప్రీతికలిగించు విశేషము మరియొకటి కలదు. ఈ రైస్ మహాశయుడు సంస్కృత పండితుడు. పలుభాషలు నేర్చినవాడై, పగలు మందులలో మునిగి, తక్కిన వేళలందు మన గీర్వాణభాషలో తేలియాడెడివాడట. కాళిదాసును చదివినంతమాత్రమున క్వినైను నాణ్యము తెలియునని మేము అనబోము. కాని ఒక పదమునకు సరియైన రూపమేదో తేల్చువరకు నిద్రపోని మనస్సే ఒక మందునకు సరియైన పాలెంతో తేల్చుటకును కావలెను.

ఒక్క రైస్ వలన అన్ని ఆసుపత్రులు బాగుపడలేదు. 1920 ప్రాంతములకు కూడ అమెరికాలో అనేక ఆసుపత్రుల మందుల గదులు నేలమాళిగలో, సామానుకొట్టు ప్రక్కన, ఎవరో ఒకరి చేతిలో నుండెను. 1927లో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో హార్వే విట్నీ యను నతడు పట్టభద్రులైన ఫార్మసిస్టులకు ఆసుపత్రిపనిలో ప్రత్యేకశిక్షణ ప్రారంభించెను. 1936లో ఎడ్వర్డ్ స్పీజ్ అను ఆచార్యుడు సహాయకునితో కలసి ఆసుపత్రి ఫార్మసీకి కనీసపు ప్రమాణములు వ్రాయగా, అక్కడి సర్జనుల మహాసంస్థ వాటిని అంగీకరించెను. 1942లో ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘము ఏర్పడి, విట్నీ మొదటి అధ్యక్షుడయ్యెను. విభాగాధిపతికి ఫార్మసీ కళాశాలలో చదివిన పట్టము, చట్టరీత్యా అర్హత, ఆసుపత్రిలో పొందిన శిక్షణ ఉండవలెననియు, అతడు ఆసుపత్రి పరిపాలకునికి నేరుగా జవాబుదారి యనియు క్రమముగా స్థిరపడెను. మేము మొదట చెప్పిన ఆ చప్పని పుట ఇట్లు పుట్టినది.

ఆ ప్రమాణములు వచ్చిన మరుసటి సంవత్సరమే, 1937 శరత్కాలములో, అమెరికాలో ఒక ఘోరము జరిగెను. సల్ఫనిలమైడు అను క్రొత్తమందును పిల్లలు త్రాగుటకు వీలుగా ద్రవరూపమున తయారుచేయదలచిన ఒక కంపెనీ, దానిని డైఇథిలిన్ గ్లైకాల్ అను ద్రవములో కరగించి అమ్మెను. చిక్కగా, తియ్యగా, రంగులేక యుండు ఈ ద్రవము మూత్రపిండములను చెరచు విషము. రుచి, వాసన, రంగు పరీక్షించిరేగాని ప్రాణికి ఏమగునో పరీక్షింపలేదు. నూరుమందికి పైగా మరణించిరి. అందు పిల్లలు పెక్కుమంది. 1938లో అమెరికా ప్రభుత్వము క్రొత్త ఔషధచట్టమును తెచ్చెను. ఈ ద్రవము పేరును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక. మన దేశములో దీనిని మరల కలిసికొందుము.

మన దేశమున ఈ కథ కాంపౌండరుగారితో మొదలగును. పాత మద్రాసు రాజధానిలోని ఆసుపత్రులలో ఆయన రాజ్యమెట్లుండెడిదో మా పెద్దలు చెప్పగా వింటిమి. గోడవెంబడి పెద్ద పెద్ద జాడీలలో మిక్స్చర్లు. ఒకటి జ్వరమునకు, ఒకటి దగ్గునకు, ఒకటి కడుపునొప్పికి. రోగులు ఇంటినుండి సీసా తెచ్చుకొనవలెను. ఆయన మిక్స్చరు పోసి, కాగితపు పట్టీని మోతాదుకొక గాటుపెట్టి కత్తిరించి సీసాకు అంటించెడివాడు. కల్వములో నూరుట, త్రాసులో తూచుట, లేపనము కలుపుట, కట్టుకట్టుట, డాక్టరుగారు లేనివేళ చిన్నరోగములకు తానే మందిచ్చుట, అన్నియు ఆయన పనులే. డాక్టర్లు బదిలీలపై వచ్చిపోవుచుండగా కాంపౌండరుగారు మాత్రము ఊరిలో నిలిచియుండెడివాడు. ఊరు ఆయనను గౌరవించెను. ప్రభుత్వము ఆయనకు తక్కువ జీతమును, ఎక్కువ పనిని ఇచ్చెను. కల్తీసరకు వచ్చినప్పుడు ఇది నాకు వద్దని చెప్పు అధికారము మాత్రము ఆయనకు ఎవరును ఇచ్చినట్లు కనబడదు.

ఆ కాలమున కల్తీసరకు కొల్లలుగా వచ్చుచుండెను. చలిజ్వరముతో దేశము వణకుచుండగా క్వినైనునందు కూడ మోసము జరుగుచున్నదని మొరలు రేగగా, 1930లో ప్రభుత్వము కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధవిచారణ సంఘమును నియమించెను. 1931లో వచ్చిన నివేదిక రెండు వైపుల వ్రేలు చూపెను: మందులపై అదుపు లేదు, మందులిచ్చువారికి చదువు లేదు. మొదటిదానికి 1940లో ఔషధచట్టము వచ్చినది. రెండవదానికి ప్రభుత్వముకంటె ముందు ఒక అధ్యాపకుడు పూనుకొనెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో మహాదేవలాల్ ష్రాఫ్ 1932లో ఔషధరసాయనమును పాఠ్యవిషయముగా ప్రవేశపెట్టి, 1937 నాటికి ఫార్మసీ పట్టపు చదువును నిలువబెట్టెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో ఫార్మసీ చట్టమును, మరుసటి యేడు అఖిలభారత ఫార్మసీ కౌన్సిలును ఏర్పడినవి. 1951లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖపట్టణములో ఫార్మసీ శాఖను తెరచి దేశములోని తొలి శాఖల వరుసలో చేరెను.

చట్టము చేసినవారు కాంపౌండరుగారిని వీధిలోనికి గెంటలేదు. మొదటి రిజిస్టరులో పట్టభద్రులతోపాటు, ఆసుపత్రిలోనో మందుల అంగడిలోనో అయిదేండ్లకు తక్కువ కాకుండ మందులు కూర్చినవారికిని చోటు కల్పించిరి. ఇది న్యాయమే యని మా అభిప్రాయము. కాని రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు చీటీమందు ఇవ్వరాదను 42వ సెక్షనును అమలుపరచు తేదీని మాత్రము ఆయా రాష్ట్రములకే వదలిరి. తేదీ ప్రకటింపని రాష్ట్రములు పెక్కు. చట్టమును సవరించి, ప్రకటింపని చోట కొన్ని యేండ్లకు అదియే అమలులోనికి వచ్చునని వ్రాయవలసివచ్చెను. అనగా 1948లో చెప్పిన మాట దేశమంతట చెల్లుబాటగుటకు 1984 సెప్టెంబరు వరకు పట్టినది.

ఇక్కడ ఒక చట్టపు సూక్ష్మమును శ్రోతలు గమనింపవలెను. అంగడిలో మందులమ్ముటకు లైసెన్సు కావలెను; ఇన్‌స్పెక్టరు వచ్చి చూచును. ప్రభుత్వాసుపత్రి తన రోగులకిచ్చు మందులకు ఆ లైసెన్సు అక్కరలేదని ఔషధనియమములలోని 'కె' షెడ్యూలు మినహాయింపు ఇచ్చుచున్నది. మినహాయింపు ఊరకే ఇవ్వలేదు. అర్హతగల వ్యక్తి పర్యవేక్షణలో మందు ఈయవలెను, లైసెన్సుగల వారివద్దనే కొనవలెను, సరిగా నిలువచేయవలెను అని షరతులు. అంగడి గోడకు వ్రేలాడు లైసెన్సు కాగితము చేయవలసిన పనిని ఆసుపత్రిలో ఒక మనిషి చేయవలెనన్నమాట. ఆ మనిషి బలహీనుడైనచో, లేక ఆయన మాటకు విలువ లేనిచో, గోడమీద కాగితమును లేదు, గదిలో కాపలాయును లేదు.

అట్టి పరిస్థితి ఎట్లుండునో 1986లో బొంబాయి నగరము చూచినది. జె.జె. ఆసుపత్రి ఆ మహానగరపు పెద్ద ప్రభుత్వాసుపత్రి, ప్రఖ్యాతమైన వైద్యకళాశాల గలది. మెదడు వాపు తగ్గించుటకును, కంటిలోని ఒత్తిడి తగ్గించుటకును రోగులచే గ్లిసరిన్ త్రాగించుట అప్పటి వాడుక. జనవరి చివరి వారమున మెదడు రోగుల వార్డులలోను, కంటి వార్డులోను కొందరికి ఉన్నట్టుండి మూత్రము బందయ్యెను. వారి జబ్బునకును మూత్రపిండములకును పొంతన లేదు. డాక్టర్లు ఆశ్చర్యపడిరి, విచారించిరి, చచ్చినవారును, చావనున్నవారును అందరును త్రాగినది గ్లిసరిన్ అని కనుగొని ఆపించిరి. అప్పటికే ఆలస్యమైపోయెను. మొత్తము పదునలుగురు మరణించిరి. సీసాలోని ద్రవమును పరీక్షింపగా నూటికి పదునెనిమిదిన్నర పాళ్లు డైఇథిలిన్ గ్లైకాల్ ఉండెను. 1937లో అమెరికాను ఏడిపించిన విషమే. 1972లో మద్రాసులో పసిపిల్లల ప్రాణములు తీసినదియు ఇదే.

గ్లిసరిన్‌కును ఈ విషమునకును తేడా కంటికి తెలియదు. రెండును తేటగా, చిక్కగా, తియ్యగా నుండును. మందునకు పనికివచ్చు శుద్ధమైన గ్లిసరిన్ ఒకటి, కర్మాగారములలో వాడు ముతకరకము వేరొకటి. ముతకరకము చౌక. జస్టిస్ బఖ్తావర్ లెంటిన్ ఏకసభ్య సంఘముగా విచారణ జరిపి వ్రాసిన నివేదిక 1988లో బయటికి వచ్చినప్పుడు, ఆ సరకు ఎన్నెన్ని చేతులు మారి రోగి నోటికి చేరినదో లోకమునకు తెలిసెను. టెండరులో తక్కువ ధర వేసినవారికి ఆర్డరు. పట్టికలో ఎక్కుటకు పలుకుబడి. ఔషధనియంత్రణ శాఖలో అలసత్వము. నివేదిక మంత్రుల వరకును పోయినది. పత్రికలు ఆ పెద్దల పేర్లను గూర్చియే వ్రాసినవి.

మేము మాత్రము ఆ సరకు ఆసుపత్రి గుమ్మము దాటిన క్షణమును గూర్చియే ఆలోచించితిమి. ఎవరో ఒకరు దానిని దింపించుకొనిరి. స్టాకు రిజిస్టరులో ఎక్కించిరి. వార్డుల ఇండెంట్లు రాగా కొలిచి పంపిరి. సీలు, లేబులు, పరీక్షాపత్రము, తయారుచేసినవాని లైసెన్సు నెంబరు చూచి, ఇది మందు గ్లిసరిన్ కాదు, దీనిని లోనికి రానీయనని చెప్పవలసిన స్థలము అదియే. ఆ మాట అక్కడ వెలువడియున్నచో పై మెట్లలో జరిగిన పాపము రోగివరకు వచ్చెడిది కాదు. అయితే ఆ స్థలమున ఉన్నవారికి ఆ మాట అనగల చదువు, అధికారము, అన్న తరువాత నిలువగల ధైర్యము మన ఆసుపత్రులు ఎన్నడైన ఇచ్చినవా? దేశమునందంతటను ఆ గదిని సామానుకొట్టుగా, అందలి మనిషిని లెక్కలు వ్రాయు గుమాస్తాగా చూచిన పాపము చిరకాలముగా పేరుకొనియుండెను. పట్టభద్రులైన ఫార్మసిస్టులు మందుల కర్మాగారములకు పోయిరి. అక్కడ జీతమును, ఎదుగుదలయు కలదు. ఆసుపత్రి కిటికీ వెనుక డిప్లొమా చదివినవారే మిగిలిరి. వారి కష్టమును మేము తక్కువ చేయుటలేదు. వారికి పైమెట్టు లేకుండ చేసిన ఏర్పాటునే తప్పుపట్టుచున్నాము.

తరువాతి కాలమున కొన్ని మార్పులు వచ్చినవి. 1994లో తమిళనాడు ప్రభుత్వము మందులు కొనుటకు ప్రత్యేకసంస్థను స్థాపించి, సరకును పరీక్షాలయములకు పంపి, సరియని తేలిన తరువాతనే ఆసుపత్రులకు విడుదలచేయు పద్ధతిని నెలకొల్పెను. తక్కిన రాష్ట్రములు, అందు మన తెలుగు రాష్ట్రములు రెండును, అట్టి సంస్థలనే నడుపుచున్నవి. 2008లో ఫార్మ్-డి అను ఆరేండ్ల చదువు ప్రవేశపెట్టబడెను. అందు కడపటి సంవత్సరమంతయు ఆసుపత్రిలో గడపవలెను. తెలుగునాట పెక్కు కళాశాలలు ఈ చదువును చెప్పుచున్నవి. 2015లో ఫార్మసీ కౌన్సిలు వృత్తినియమములను ప్రకటించి, రోగికి మందు వాడు విధము చెప్పుట ఫార్మసిస్టు విధియని స్పష్టపరచెను. విషము మాత్రము తన దారిని మరువలేదు. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు, సీసాలో కనబడినది ఆ డైఇథిలిన్ గ్లైకాలే.

పుస్తకములు చదివిన తరువాత ఒక పెద్ద ఆసుపత్రి మందుల విభాగమును కంటితో చూడగోరి వెళ్లితిమి. ఆసుపత్రి పేరు చెప్పము, అక్కడివారును కోరలేదు. విభాగమునకు పెద్ద ఒక స్త్రీ. ఎం.ఫార్మసీ చదివి ఇరువదియేండ్లకు పైగా ఈ పనిలోనే యున్నారు. మాటలకంటె ముందు మమ్ములను గదులన్నియు త్రిప్పిరి. ఇన్సులిను, టీకాలు ఉంచు శీతలపేటికలు రెండు నుండి ఎనిమిది డిగ్రీల మధ్య నుండవలెను. వేడెక్కినను చేటే, గడ్డకట్టినను చేటే. ఉష్ణోగ్రత రోజుకు రెండు పర్యాయములు వ్రాసిన కాగితము తలుపునకు వ్రేలాడుచుండెను. మార్ఫిను ఉన్న ఉక్కుబీరువాకు రెండు తాళములు. తాళపుచెవులు ఇద్దరివద్ద నుండును; ఒకరు లేక మరొకరు తెరువలేరు. ఒక్క యాంప్యూలు పగిలినను పగిలిన పెంకులతో సహా లెక్క చెప్పవలెను. అరలలో గడువు ముందు తీరు సరకు ముందు వరుసలో, తరువాత తీరునది వెనుక వరుసలో.

ఒక మూల ఎర్రచీటీలు అంటించిన పెట్టెలు కనబడినవి. అది పొటాసియం క్లోరైడు. నీరు కలిపి పలుచన చేయక సూటిగా నరములోనికి ఎక్కించినచో గుండె ఆగిపోవును. చూచుటకు సెలైను యాంప్యూలు వలెనే యుండును. వార్డులలో రెండును ప్రక్కప్రక్కన ఉండకూడదని ఆమె కొన్నియేండ్ల క్రిందట పట్టుబట్టి, వార్డులనుండి దానిని వెనుకకు తెప్పించితినని చెప్పిరి. "అప్పుడు అందరికీ కోపం వచ్చిందండీ. రాత్రి రెండు గంటలకు కావలసివస్తే ఎవరిస్తారు అన్నారు. రాత్రికి ఒక మనిషిని వేయించుకున్నాను" అనిరి. ఇంతకంటె వివరింపలేదు. ఒక మనిషిని వేయించుకొనుటకు ఎన్ని కాగితములు వ్రాసియుందురో కార్యాలయములలో పనిచేయు మేము ఊహించుకొనగలము.

మీ పని ఏమని ఎవరైన అడిగినచో ఏమందురని మేము ప్రశ్నించితిమి. ఆమె నవ్వి, బల్ల సొరుగునుండి ఒక పొడుగుపాటి రిజిస్టరు తీసి మా ముందుంచిరి. తీసికొనిన సరకునకు వేరే రిజిస్టర్లు కలవు. ఇది తీసికొనని సరకునకు. తేదీ, మందు పేరు, బ్యాచి నెంబరు, కారణము, సంతకము. ఒకచోట లేబులుమీద బ్యాచి నెంబరునకును పెట్టెమీద నెంబరునకును పొంతన లేదు. ఒకచోట పరీక్షాపత్రము జతపరుపలేదు. మంచుపెట్టెలో రావలసిన మందు మామూలు పెట్టెలో వచ్చినది. కడపటి పంక్తి మేము వెళ్లిన ముందటి దినపుది: గ్లూకోజు సీసాలు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడగా రెండింటిలో సన్నని పోగులు తేలుచున్నవి.

మేము ఆ పంక్తి చదువుచుండగనే ఫోను మ్రోగెను. సరఫరాదారు కాబోలు, అవతలి గొంతు బ్రతిమాలుచున్నట్లు మాకును వినబడుచుండెను. ఆమె కొంతసేపు విని, "రెండు సీసాల్లో కనబడితే మిగిలినవాటిని నేనెట్లా నమ్మేదండీ? బండి పంపండి, మొత్తం తీసుకుపోండి" అని ఫోను పెట్టివేసి, మాకు టీ తెమ్మని కుఱ్ఱవానికి చెప్పిరి.